మా వాడు రైలు మీద రాయి వేశాడు, ఎవరికీ చెప్పలేదు

ప్రశ్న: బాబాయి గారికి నమస్కారాలు. మాది కాజీపేట, డోర్నకల్ మధ్య లైను పక్కనే ఉన్న ఊరు. మా డాబా ఎక్కితే పట్టాలు కనిపిస్తాయి. మా బాబు ఎనిమిదో తరగతి, పదమూడేళ్లు. పోయిన ఆదివారం సాయంత్రం ఇంకో ముగ్గురు పిల్లలతో కలిసి, మూడో లైను కోసం పోసిన కంకర కుప్ప దగ్గర ఆడుకుంటూ వచ్చే ఎక్స్‌ప్రెస్ మీద రాళ్లు వేశారట. ఎవరి రాయి కిటికీలోంచి లోపలికి పోతే వాళ్లు గెలిచినట్టని పందెం. వాళ్లలో ఒకడు ఫోన్లో వీడియో కూడా తీశాడు. అంతకుముందు పట్టాల మీద రూపాయి బిళ్లలు, చిన్న చిన్న రాళ్లు పెట్టి చూసేవాళ్లట. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. స్లీపర్ బోగీలో ఒకావిడకు కంటి పైన రాయి తగిలి కుట్లు పడ్డాయని. అది చదివినప్పటి నుంచి వాడు సరిగా తినడం లేదు. మంగళవారం రాత్రి రైలు కూత వినపడగానే లేచి కూర్చుని, అప్పుడు నాకు చెప్పాడు. “నా రాయేనేమో అమ్మా” అంటాడు. మా ఆయన బాగా కొట్టారు. ఆ తర్వాత, ఎవరికీ చెప్పొద్దు, వాళ్ల అమ్మమ్మ ఊళ్లో స్కూల్లో చేర్పించేద్దాం అంటున్నారు. రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లు ఒకసారి ఊళ్లోకి వచ్చి అడిగి వెళ్లారు. చెబితే వాడి చదువు, రేపటి ఉద్యోగం అన్నీ పోతాయని భయం. చెప్పకపోతే వీడు ఏమైపోతాడోనని భయం. నాకు నిద్ర లేదు. ఏం చేయమంటారు?
ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీరు అడిగినదానికి నా జవాబు ముందే చెప్పేస్తాను. వాణ్ణి దాచకండి. అమ్మమ్మ ఊరికి పంపకండి. ఆర్పీఎఫ్ వాళ్లు వెతుక్కుంటూ మీ గుమ్మం దాకా రాకముందే మీరే వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. వెళ్లే ముందు చేసుకోవాల్సిన పనులు రెండు మూడు ఉన్నాయి, అవి కింద రాశాను. ఈ మాట తేలిగ్గా చెప్పడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా రైలు నడిపి రిటైరైన వాణ్ణి. రాయి వచ్చి తగిలే వైపు కూర్చున్న వాణ్ణి. మీ అబ్బాయి మీద నాకు కోపం రావాలి. ఉత్తరం చదువుతుంటే మొదట వచ్చింది కూడా. “నా రాయేనేమో అమ్మా” అన్న దగ్గర ఆగిపోయాను.

ఆ మాట అన్న పిల్లాడు మంచివాడమ్మా. వాడు చేసింది చాలా చెడ్డ పని. రెండూ నిజమే.

మా డ్యూటీలో జరిగిన ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట, గూడ్సు బండి మీద ఉన్నాం. సాయంత్రం ఐదున్నర, ఆరు అయి ఉంటుంది. ఎదురెండ. నా అసిస్టెంట్ కొత్త కుర్రాడు, పెళ్లయి ఆరు నెలలు. సిగ్నల్ కనపడగానే ఇద్దరం గట్టిగా పలకాలి, అది మా రూలు. వాడు చెయ్యి చాపి “గ్రీన్” అన్నాడు, నేను “గ్రీన్” అన్నాను. ఆ రెండో మాట నా నోట్లో ఉండగానే టపాసు పేలినట్టు చప్పుడైంది. ముందు అద్దం తెల్లగా సాలెగూడులా అయిపోయింది. రాయి అద్దాన్ని చీల్చుకుని వచ్చి వెనక తలుపుకు కొట్టుకుని కింద పడింది. వాడు కళ్లు మూసుకుని “సార్, సార్” అంటున్నాడు. కనుబొమ్మ తెగి రక్తం చెంప మీద నుంచి యూనిఫాం మీదకి కారుతోంది. నేను వాడి వైపు తిరగలేను. చెయ్యి బ్రేకు మీద ఉంది, చూపు లైను మీద ఉండాలి, వెనకాల యాభైకి పైగా వ్యాగన్లు ఉన్నాయి. నా తువ్వాలు వాడి వైపు విసిరి, కంట్రోల్‌కు చెప్పి, తర్వాతి స్టేషన్ దాకా అలాగే లాగాను. ఆ పదకొండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. స్టేషన్లో బండి ఆపి, వాణ్ణి దింపి, తిరిగొచ్చి చూస్తే సీటు కింద వాడి క్యారియర్ గిన్నె మూత ఊడి ఉంది. పెరుగన్నంలో గాజు పలుకులు మెరుస్తున్నాయి.

వాడి కన్ను దక్కింది. వెంట్రుకవాసిలో.

ఆ రాయి వేసిన పిల్లలు నాలుగు రోజుల్లో దొరికారు. ముగ్గురు. పెద్దవాడికి పదమూడు, మీ వాడి వయసే. తల్లిదండ్రులతో సహా పిలిపించి, మా డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే లాబీకి తీసుకొచ్చారు. అప్పటికి నా అసిస్టెంట్‌కు కుట్లు ఇంకా విప్పలేదు. వాడు ఏమీ అనలేదు, పట్టీ కట్టిన మొహంతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు, అంతే. అందరికంటే చిన్నవాడు చాలాసేపు వాడి మొహమే చూసి అడిగాడు. “గూడ్సు ఇంజన్లో మనుషులుంటారా అన్నా?”

నేను ఆ ప్రశ్న మర్చిపోలేదు. ఆ పిల్లాడికి నిజంగా తెలియదు. లైను పక్కనే పుట్టి పెరిగాడు, రోజూ వందల బోగీలు పోవడం చూశాడు. వాడి కంటికి అది ఒక పెద్ద ఇనుప జంతువు. మనిషి మీద రాయి వేయమంటే ఆ ముగ్గురిలో ఒక్కడు కూడా వేయడు. మీ వాడు కూడా వేయడు. కిటికీలోంచి పోతే గెలిచినట్టని పందెం కట్టుకున్నారు కదా, ఆ కిటికీ వెనక ఒక మనిషి తల ఆనించుకుని నిద్రపోతూ ఉంటుందని వాళ్ల ఊహకు అందలేదు. పేపర్లో చదివాక అందింది. అందుకే తినలేకపోతున్నాడు.

నాణేల సంగతి రాశారు. మా చిన్నప్పుడు మేమూ పెట్టాం. పది పైసల బిళ్ల, అంచులు వంకీలు తిరిగిన అల్యూమినియం బిళ్ల, బండి పోయాక తమలపాకంత పల్చగా అయ్యేది. పెద్దవాళ్లు చూస్తే తిట్టేవాళ్లు, అంతటితో పోయేది. అది కూడా తప్పే, దాని కోసం పట్టాల దగ్గరికి పోయి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలున్నారు. అయితే బిళ్ల నుంచి రాయికి, పట్టా మీద రాయి నుంచి బోగీ మీద రాయికి పిల్లలు తెలియకుండానే మెట్టు మెట్టుగా వెళ్తారు. దాంట్లోకి ఫోను వచ్చి చేరింది. 2024 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లో ఒక యూట్యూబర్ పట్టాల మీద సబ్బులు, సైకిలు, గ్యాస్ సిలిండరు పెట్టి వీడియోలు తీసి అరెస్టయ్యాడు. అలాంటివి చూసిన పిల్లలకు ఇది ఆటలా కనిపిస్తుంది. మీ వాడి స్నేహితుడు వీడియో తీశాడంటే ఆ సాయంత్రం వాళ్లు ఒకళ్ల కోసం ఒకళ్లు ఆడారన్నమాట. ఒక్కడే ఉంటే మీ వాడు రాయి ఎత్తేవాడు కాడేమో.

వాడితో కూర్చుని ఒక లెక్క చేయించండి, ఎనిమిదో తరగతి కాబట్టి వాడికే వస్తుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ముప్పై మీటర్లు. లైను మీద పోసే కంకర రాయి అరచేతిలో పట్టేది రెండు వందల గ్రాముల వరకు తూగుతుంది. క్రికెట్ బంతి 160 గ్రాములు. పిల్లాడు విసిరిన రాయి గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. ఎదురుగా వచ్చే బండి మీదకు విసిరితే రెండు వేగాలూ కలుస్తాయి, 160. అంత వేగంతో బంతి వేసే బౌలర్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది లేరు. ఆ బంతిని ఆడేవాడికి హెల్మెటు ఉంటుంది, ప్యాడ్లుంటాయి, వస్తోందని ముందే తెలుసు. కిటికీ పక్కన కూర్చున్న ఆవిడకు ఏమీ లేదు. స్లీపర్ కిటికీకి అడ్డంగా ఉండే ఊచలు మనిషి దూరకుండా ఆపుతాయి, రాయిని ఆపవు. పక్క నుంచి వేసినా సరే, రాయి నిలబడిన చోటే ఉన్నా బండి వేగం చాలు. ఈ లెక్క మీరు చెప్పొద్దు, వాడి చేతే కాగితం మీద వేయించండి.

ఇప్పుడు చట్టం సంగతి. మీ భయమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1989 రైల్వే చట్టంలో ప్రయాణికుల భద్రతకు ముప్పు తెచ్చే పనికి 153వ సెక్షన్ ఉంది, ఐదేళ్ల దాకా జైలు. బండి మీద రాయి విసిరితే లోపలి మనిషికి ప్రమాదమని తెలిసీ విసిరినట్టు తేలితే 152వ సెక్షన్, పదేళ్ల దాకా, యావజ్జీవం కూడా వేయవచ్చు. పట్టాల మీద రాళ్లు, దుంగలు పెట్టి బండిని పడగొట్టాలని చూసే వాళ్లకు 150వ సెక్షన్, అది ఇంకా పెద్దది. ఇవన్నీ పెద్దవాళ్లకు. ఎందుకు రాస్తున్నానంటే, మీ ఆయన ఈ అంకెలు ఎక్కడో విని ఉంటారు, అందుకే అమ్మమ్మ ఊరు అంటున్నారు. ఆయన్ని తప్పు పట్టలేను.

మీ వాడికి పదమూడేళ్లు. వాడికి వర్తించేది 2015 బాలల న్యాయ చట్టం. పద్దెనిమిది నిండని పిల్లల్ని పోలీసు లాకప్పులో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. సంకెళ్లు వేయకూడదు. తల్లిదండ్రులకు వెంటనే చెప్పాలి. పిల్లల కోసం నియమించిన పోలీసు అధికారే వాళ్లతో మాట్లాడాలి, అదీ యూనిఫాం లేకుండా. అదుపులోకి తీసుకుంటే ఇరవై నాలుగు గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉండాలి. సినిమాలో కోర్టులా బోను, నల్లకోట్లు ఊహించుకుని భయపడొద్దు. పిల్లాడు ఎలాంటి ఇంట్లో పెరుగుతున్నాడు, చదువుతున్నాడా, ఎందుకు చేశాడు అని అడుగుతారు. మందలించి తల్లిదండ్రులకు అప్పగించవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజానికి ఉపయోగపడే పని కొన్నాళ్లు చేయమనవచ్చు, తల్లిదండ్రుల్ని జరిమానా కట్టమనవచ్చు. బయట పరిస్థితి బాగా లేదనుకుంటే ప్రత్యేక గృహానికి పంపే అధికారం కూడా ఉంది, అది మూడేళ్లకు మించదు. ఆ సంగతి మీ దగ్గర దాచను. కానీ స్కూలుకు పోతూ, ఇంట్లో తల్లీ తండ్రీ ఉండి, తనంతట తాను వచ్చి ఒప్పుకున్న పదమూడేళ్ల పిల్లాణ్ణి చూసేటప్పుడు బోర్డు ముందు వేరే దారులు చాలా ఉంటాయి.

ఉద్యోగం గురించి అడిగారు. అదే చట్టంలో 24వ సెక్షన్ ఉంది. ఇలాంటి వయసులో చేసిన తప్పు వల్ల పిల్లాడికి తర్వాత ఎలాంటి అనర్హతా రాకూడదు, గడువు ముగిశాక రికార్డులు తీసేయాలి అని అందులో ఉంది. వాడి పేరు, ఫొటో, స్కూలు పేరు పేపర్లో వేయకూడదు. ఈ ముక్క మీ ఆయనకు చదివి వినిపించండి. చెబితే వాడి బతుకు పోతుందనుకోవడం నిజం కాదు. వాళ్లు వెతికి పట్టుకున్నప్పుడు, ఊరు దాటించారని తెలిసినప్పుడు జరిగేదే ఎక్కువ ఇబ్బంది.

వెతుకుతారా అంటే, వెతుకుతారమ్మా. 2023 జనవరిలో విశాఖ, సికింద్రాబాద్ వందే భారత్ ఇంకా మొదలవక ముందే కంచరపాలెం దగ్గర దాని మీద రాళ్లు పడ్డాయి. సీసీ కెమెరాలు చూసి వేసిన వాళ్లను పట్టుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్ మొదట్లో ఖమ్మం, విజయవాడ మధ్య అదే బండిలో ఒక బోగీ అద్దం పగిలింది. మర్నాడు పొద్దున 5:45కి విశాఖలో బయల్దేరాల్సిన బండి ఆ అద్దం మార్చి బయల్దేరేసరికి 9:45 అయింది. ఒక్క రాయికి నాలుగు గంటలు. ఆ బండిలో హైదరాబాద్‌లో ఆసుపత్రికి పోయేవాళ్లు, ఇంటర్వ్యూకు పోయేవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి. ఆ రోజుల్లోనే దక్షిణ మధ్య రైల్వే, ఇలాంటి కేసుల్లో దొరుకుతున్న వాళ్లలో చాలామంది పిల్లలేనని ప్రకటన ఇచ్చింది. లైను పక్క ఊళ్లలో సర్పంచుల్ని, స్కూళ్లను కలిసి చెప్పడం ఎక్కువైంది అప్పటి నుంచే. మీ ఊరికి వచ్చిన ఆర్పీఎఫ్ వాళ్లు ఒక్కసారి అడిగి ఊరుకుంటారని నేను అనుకోను. ఫోన్లో వీడియో ఉంది, నలుగురు పిల్లలున్నారు. నలుగురు పిల్లల నోట్లో రహస్యం ఎన్నాళ్లుంటుంది?

ఇక వెళ్లే ముందు చేయాల్సినవి. మొదట వకీలు. డబ్బు గురించి భయపడొద్దు. పిల్లలకు ఉచితంగా న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదంటే 15100కి ఫోన్ చేయండి. వాళ్లు వకీలును పెడతారు. ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పండి, నాణేల దగ్గర నుంచి. వకీలు మిమ్మల్ని ఇప్పుడే వెళ్లొద్దు అనవచ్చు కూడా. అలా అంటే ఎందుకో అడిగి తెలుసుకోండి, ఆయన చూసేది ఆయన చూస్తారు. వాడి మాటను వాడి వయసుకు తగినట్టు రాసుకునేలా, చేయనిది నెత్తిన పడకుండా చూడటం ఆయన పని. అయినా చివరికి తీసుకెళ్లాలా వద్దా అన్నది తల్లిగా మీరు తేల్చుకోవాల్సిందే. నా మాట మటుకు తీసుకెళ్లమనే.

వీడియో చెరిపేయమని ఆ పిల్లాడికి గానీ వాళ్ల ఇంట్లో గానీ చెప్పకండి. మీకు పంపమని కూడా అడగకండి. ఆధారం మాయం చేయడం ఇంకో నేరమవుతుంది, అది పెద్దవాళ్ల మీద పడుతుంది. ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. పిల్లల మొహాలతో ఆ వీడియో వాట్సాప్‌లో తిరిగితే చట్టం కాపాడే గోప్యత ఊళ్లోనే పోతుంది.

మిగతా ముగ్గురి ఇళ్లకు మీరూ మీ ఆయనా కలిసి వెళ్లండి, ముందు రోజు సాయంత్రం. “మా వాణ్ణి తీసుకెళ్తున్నాం, మీ పిల్లల పేర్లు మేం చెప్పడానికి పోవడం లేదు, మా వాడు వాడు చేసింది చెప్తాడు, కానీ అడిగితే అబద్ధం ఆడడు” అని చెప్పి రండి. గొడవ పడతారు. మీ మీద అరుస్తారు. తలుపు దగ్గరే నిలబడి చెప్పి వచ్చేయండి. ఒకరిద్దరు మీ వెనకే బయల్దేరినా నేను ఆశ్చర్యపోను. నలుగురూ కలిసి వెళ్తే పిల్లలకు ధైర్యం. చెప్పకుండా వెళ్తే రేపటి నుంచి ఆ వీధిలో మీ పిల్లాడు ఒంటరివాడైపోతాడు. వాడు చేసిన తప్పుకు ఆ శిక్ష అవసరం లేదు.

ఆ గాయపడిన ఆవిడ గురించి మీరు ఉత్తరంలో ఒక్క ముక్కే రాశారు. నేనైతే ఆవిడ గురించే ఎక్కువ ఆలోచించాను. ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో, పక్కన ఎవరున్నారో. రాత్రి బండిలో, తెలియని స్టేషన్లో దింపి, తెలియని ఆసుపత్రిలో కుట్లు వేయించుకోవడం ఎలా ఉంటుందో నా అసిస్టెంట్‌ను చూసి నాకు తెలుసు. వాడికి కనీసం మేమందరం ఉన్నాం. ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్లి డబ్బు ఇవ్వాలని మీ ఆయనకు అనిపించవచ్చు. సొంతంగా అలా వెళ్లకండి, అది బేరంలా కనిపిస్తుంది, ఆవిడకు భయం కూడా వేస్తుంది. వకీలు ద్వారా, బోర్డు ద్వారా అడగండి. వైద్యం ఖర్చు భరిస్తామని, మా వాడు ఉత్తరం రాస్తాడని, ఆవిడకు ఇష్టమైతేనే అని చెప్పండి. ఇష్టం లేదంటే ఆ మాట అక్కడితో ఆపేయండి. క్షమించాల్సిన బాధ్యత ఆవిడకు లేదు.

అక్కడ ఏం మాట్లాడాలో వాడికి నేర్పించకండి. రాయి ఎవరిదో వాడికి తెలియదు. “నాదే” అని ఏడుస్తూ అనేస్తాడేమో, అది కూడా అబద్ధమే అవుతుంది. “నేను ఇన్ని రాళ్లు వేశాను, ఏది తగిలిందో తెలియదు” అన్నదే నిజం. ఆ నిజం చాలు.

కొట్టడం గురించి. అయిపోయింది, ఇక వద్దు. మీ ఆయన చేతిలో ఉన్నది కోపం కాదమ్మా, భయం. కానీ పిల్లాడికి అది ఇంకోలా అందుతుంది. నిజం చెబితే దెబ్బలు పడ్డాయి, తర్వాత అదే నిజాన్ని దాచమన్నారు. ఈ రెండూ కలిపి వాడు ఏం నేర్చుకుంటాడు? వాడు చెప్పింది మీకు. అర్ధరాత్రి, ఎవరూ అడగకుండా, తనంతట తాను. నా సర్వీసులో ఎంతమంది పెద్దవాళ్లు రూలు తప్పి, ఎంక్వయిరీలో కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పారో నాకు తెలుసు. వాళ్లకు లేనిది మీ వాడికి ఉంది. దాన్ని తండ్రి చేతులతోనే తుడిచేయొద్దని మీ ఆయనకు నా మాటగా చెప్పండి. ఆయనకు అభ్యంతరం లేకపోతే ఈ సమాధానమే చదవమనండి. నాలుగు మాటలు నేరుగా నాతో అనాలనుంటే ఆయన కూడా రాయవచ్చు, సంతోషంగా జవాబిస్తాను.

ఇంకొక సంగతి, ఇది మీ ఒక్కరి చేతిలో లేదు. ఆ కంకర కుప్పలు, ఆదివారం సాయంత్రాలు, ఆడుకోవడానికి చోటు లేని పిల్లలు, ఇవి అన్నీ రేపు కూడా ఉంటాయి. లైను పక్క ఊళ్లలో పిల్లలకు గ్రౌండు ఉంటే పట్టాల వైపు పోయేది తగ్గుతుందని మా కీమ్యాన్ ఒకాయన ఎప్పుడూ అనేవాడు. ఆయన రోజూ చేతిలో సుత్తి పట్టుకుని పట్టా వెంట నడిచేవాడు, ఏ ఊరి పిల్లలు ఎప్పుడు ఎక్కడ ఉంటారో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మీ ఊరి దగ్గర కూడా అలాంటి కీమ్యాన్ ఒకాయన ఉంటాడు, గేట్‌మన్ ఉంటాడు. ఇదంతా సర్దుకున్నాక స్కూలు హెడ్‌మాస్టరుతో మాట్లాడి, వాళ్లలో ఒకర్ని పిలిపించి పిల్లలతో మాట్లాడించండి. ఆఫీసరు వచ్చి సెక్షన్లు చదివితే పిల్లలు ఆవలిస్తారు. ఇంజన్లో మనుషులుంటారా అని పిల్లలు అడిగితే, ఉంటారు, వాళ్ల పేర్లు ఇవి, వాళ్లు క్యారియర్‌లో పెరుగన్నం తెచ్చుకుంటారు అని చెప్పే మనిషి కావాలి.

వాడు రైలు కూతకు లేచి కూర్చోవడం కొన్నాళ్లు ఉంటుంది. మరీ ఎక్కువైతే, స్కూలుకు వెళ్లనంటే, 1098కి చేయండి, పిల్లలకు కౌన్సెలింగ్ ఎక్కడ దొరుకుతుందో వాళ్లు చెబుతారు. మీకు వీలైనప్పుడు వాణ్ణి ఒకసారి రైలెక్కించండి. దూరం అక్కర్లేదు, డోర్నకల్ దాకా చాలు, ప్యాసింజరులో, కిటికీ పక్కన సీటు. మీ ఊరు వచ్చినప్పుడు ఆ కంకర కుప్ప ఎంత దగ్గరగా వెళ్తుందో లోపలి నుంచి చూస్తాడు. మీరు ఏమీ చెప్పకండి.

రేపు పొద్దున్నే 15100కి ఫోన్ చేయండి. ఆర్పీఎఫ్ దగ్గరికి వెళ్లే రోజు వాడి ఆధార్, పుట్టిన తేదీ ఉన్న స్కూలు సర్టిఫికెట్ తీసుకెళ్లండి, వయసు రుజువు అక్కడ చాలా ముఖ్యం. వకీలూ మీరూ మీ ఆయనా ముగ్గురూ వాడితోనే ఉండండి. ఒక్కణ్ణే లోపలికి పంపకండి. అక్కడ గంటలు పడుతుంది, కూర్చోబెడతారు, రాసుకుంటారు, మళ్లీ రమ్మంటారు. కాబట్టి బయల్దేరే ముందు వాడికి దగ్గర కూర్చుని ఇంత అన్నం తినిపించండి. ఒక సీసాలో నీళ్లు పెట్టుకోండి.

మీ బాబాయి